20 వారాల పెట్టలు పొద్దున్నే కాళ్లు చాపేసి పడుంటున్నాయి, పెంకు పట్టని తోలుగుడ్లు కూడా. జబ్బా, మేతా?

మండపేట_కొత్తరైతు
సంక్రాంతి మర్నాడు దించిన పిల్లలండి. 3,100 తెల్ల లేయర్లు (గుడ్ల కోళ్లు), కేజీల్లోనే, అంటే ఇనుప గూళ్లలో. నిన్నటికి సరిగ్గా 20 వారాలు. గుడ్డు 17వ వారంలోనే మొదలైపోయింది, ఇప్పుడు 60 శాతం మీద ఉన్నాయి, అంటే వంద పెట్టలకి రోజుకి 60 గుడ్లు. మొదట్లో నేనే గొప్ప అనుకుని మా మామగారికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. పది రోజుల నుంచి కథ మారింది. పొద్దున లైటు వేసేసరికి రోజూ నాలుగైదు పెట్టలు కేజీలో పక్కకి ఒరిగి కాళ్లు చాపేసి ఉంటున్నాయి. తలమీది జుట్టు (తురాయి) ఎర్రగానే ఉంది, కళ్లు చురుగ్గా తిప్పుతున్నాయి, మేత ముక్కు దగ్గర పెడితే తింటున్నాయి. లేవడమే లేదు. ఇవి కాక రెండు మూడు చచ్చి దొరుకుతున్నాయి. ట్రేల్లో తోలుగుడ్లు, వేలితో నొక్కితే లొట్టపోయే గుడ్లు. టీకాలన్నీ టైముకి వేయించాను. మేత సొంత మిక్సింగ్. ఎండ దెబ్బంటారా, జబ్బంటారా?

తౌడు_బస్తా
రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు. మీకు గుడ్లు పగులుతున్నాయి.

షాద్‌నగర్_షెడ్డు
ముందు ఒకటి చెప్పన్నా. పడ్డ కోడికి ఒక కాలు ముందుకి, ఒకటి ఎనక్కి సాగి ఉందా? అట్లుంటే మారెక్స్, నరాలకొచ్చే వైరస్ జబ్బు. నాకు పోయిన బ్యాచ్‌ల అదే అయింది, 12 వారాలకే మొదలైంది.

మండపేట_కొత్తరైతు
లేదండి. రెండు కాళ్లూ ఒకే తీరుగా వాలిపోయి ఉన్నాయి. బరువు కూడా తగ్గలేదు, చేతిలోకి తీసుకుంటే నిండుగానే ఉంది.

షాద్‌నగర్_షెడ్డు
గట్లైతే మారెక్స్ కాదనిపిస్తుంది. మారెక్స్‌ల పెట్ట ఎండిపోతది, రొమ్ముఎముక కత్తిలెక్క తగుల్తది.

అనుభవం_30ఏళ్లు
దీనికి ఇంత చర్చ ఎందుకో. కాల్షియం లేదు, అంతే. 14వ వారానికే లేయర్ మేతలో పడేయాలి. మా నాన్నగారి కాలం నుంచీ అదే చేస్తున్నాం. ఎదిగే పిల్లలకి గ్రోయర్, గుడ్డుకి ముందు ప్రీ-లేయర్, గుడ్డు మీద లేయర్ అని మేతకి మూడు పేర్లు పెట్టింది మనకి మూడు రకాల బస్తాలు అమ్ముకోడానికి.

గోదారి_వెట్
అనుభవం గారు, జబ్బు కారణం మీరు కరెక్టుగానే చెప్పారు, మందు మాత్రం తప్పు. అది తర్వాత మాట్లాడదాం. కొత్తరైతు గారూ, నాలుగు సంగతులు దాచకుండా చెప్పండి. లైటు ఎప్పటి నుంచి పెంచారు? ఎన్ని గంటలు? గ్రోయర్ మేత ఏ వారం దాకా నడిపారు? సున్నపురాయి పొడి వేస్తున్నారా, గ్రిట్టా (ముక్కలా)? ఫాస్ఫరస్ కోసం వేసే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) టన్నుకి ఎంత?

చచ్చిన పెట్టలు పొద్దున దొరుకుతున్నాయా, మధ్యాహ్నమా అన్నది కూడా చెప్పండి.

మండపేట_కొత్తరైతు
పొద్దునే దొరుకుతున్నాయండి, దాదాపు అన్నీ.

లైటు 15వ వారంలో ఒకేసారి 16 గంటలు చేశాను. పక్క షెడ్డు ఆయన "లైటేస్తే గుడ్డు తొందరగా వస్తది" అన్నాడు. వచ్చింది కూడా. గ్రోయర్ 19వ వారం దాకా నడిపాను. మిగిలిపోయిన సరుకు ఎందుకు పారేయడం అని. ఇప్పుడు లేయర్ మేతలో 100 కేజీలకి 8 కేజీలు రాతిపొడి, అంతా మెత్తటిదే. గ్రిట్ వెయ్యలేదు. ఇక డీసీపీ... టన్నుకి 12 కేజీలు రాసుంది ఫార్ములాలో, 5 వేశాను. రేటు చూసి. ఫైటేజ్ ఎంజైమ్ వేస్తే డీసీపీ అక్కర్లేదని మందుల షాపాయన చెప్పాడు. ఎవరని అడక్కండి, ఊళ్లో రోజూ ఎదురుపడతాడు.

తౌడు_బస్తా
తెలుగు సినిమాలో విలన్ ఇంటర్వెల్ తర్వాత దొరుకుతాడు. ఇక్కడ ఒకే పోస్టులో నలుగురు దొరికారు.

లెక్కలమాస్టారు
నాకు కోళ్లు లేవు, మా అల్లుడికి ఉన్నాయి. లెక్క మాత్రం నేనే వేస్తాను.

గుడ్డు పెంకు 5, 6 గ్రాములుంటుంది. అందులో కాల్షియం 2 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. గ్రోయర్ మేతలో కాల్షియం 1 శాతం. ఈ ఎండల్లో పిల్లపెట్ట 78 గ్రాములు తిందనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 0.78 గ్రాము. అందులో పేగు పీల్చుకునేది ఇంచుమించు సగం. అంటే 0.4. కావలసింది 2. గుడ్డుకి 1.6 గ్రాముల అప్పు. పెట్ట ఒళ్లంతా కలిపి ఉండే కాల్షియం 20 గ్రాములు. ఇలా ఎన్ని గుడ్లు పెట్టగలదో మీరే భాగించుకోండి.

ఇప్పటి మేత కూడా చూద్దాం. రాతిపొడిలో కాల్షియం 38 శాతం. 100 కేజీలకి 8 కేజీలంటే 3 శాతం. 85 గ్రాములు తింటే 2.55, సగం పడితే 1.3. అప్పు తగ్గింది, తీరలేదు.

మండపేట_కొత్తరైతు
మాస్టారూ, చదువుతుంటే కడుపులో తిప్పింది. 17 నుంచి 19 దాకా రెండు వారాలు ఆ గ్రోయర్ మీదే గుడ్లు పెట్టాయి.

లెక్కలమాస్టారు
అందుకే తోలుగుడ్లు. ఇంక తవ్వడానికి ఎముకలో లేక పెంకు మానేసింది పాపం.

గోదారి_వెట్
మాస్టారి లెక్క సరిపోయింది. ఆ అప్పు ఎక్కడి నుంచి తెచ్చి కడుతుందో చెబుతాను, కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

పెట్టపిల్ల ఎముకల చట్రం 12, 13 వారాలకే 90 శాతం పైగా కట్టుకుపోతుంది. మొదటి గుడ్డుకి 10 నుంచి 14 రోజుల ముందు ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. జుట్టు ఎర్రబారేది, చెయ్యి పెడితే పెట్ట కిందికి ఒదిగి కూర్చునేది ఆ రోజుల్లోనే. అప్పుడు తొడ ఎముక, పిక్క ఎముక లోపల గొట్టంలో కొత్త రకం ఎముక పుడుతుంది. మెడ్యులరీ బోన్ అంటాం. పుంజుకి ఉండదు, గుడ్డుకి రాని పెట్టకీ ఉండదు. గుడ్డు మీదున్న పెట్ట తొడ ఎముక విరిచి చూడండి, లోపల ఖాళీ గొట్టం ఉండదు, బీరకాయ పీచు దూర్చినట్టు సన్నటి పుల్లలు అల్లుకుని ఉంటాయి. అది పెట్ట గల్లాపెట్టె. పగలు వేస్తుంది, రాత్రి తీస్తుంది.

రాత్రి ఎందుకంటే పెంకు కట్టేది ఎక్కువగా అప్పుడే. గుడ్డు పెంకు సంచిలో దాదాపు 20 గంటలుంటుంది. పెంకు జోరుగా పడే టైములో గంటకి 100 మిల్లీగ్రాముల పైనే కాల్షియం లాగుతుంది. రక్తంలో ఏ క్షణంలో చూసినా ఉండేది అందులో ఐదో వంతు. పావుగంట సరఫరా ఆగితే రక్తం ఖాళీ. మేత పగలు తిన్నది, పెంకు రాత్రి కట్టాలి. మధ్యలో గల్లాపెట్టె ఆదుకోవాలి.

మీ పెట్టల సంగతి ఇది. లైటు తోసి తోసి ఈస్ట్రోజెన్ ముందే తెప్పించారు. అది వచ్చిన దగ్గర్నుంచి ఒళ్లు గట్టి ఎముక కట్టడం ఆపేసి గల్లాపెట్టె కట్టే పనిలో పడుతుంది. గల్లాపెట్టెలో వేయడానికి మేతలో సరుకు లేదు. అప్పుడు పెట్ట గోడలు పీకుతుంది, అంటే తొడ, వెన్ను, పక్కటెముకల గట్టి ఎముక. వెన్ను మెత్తబడితే కాళ్లు పడిపోతాయి. దీన్ని కేజ్ లేయర్ ఫటీగ్ అంటాం. కేజీలు వచ్చిన కొత్తల్లో, 1950ల్లోనే దీని గురించి రాశారు. రాత్రే రక్తంలో కాల్షియం అమాంతం పడిపోతే గుండె ఆగి పొద్దునకి చచ్చి ఉంటుంది, కడుపులో సగం పెంకు గుడ్డుతో.

రేపు మీ మండలం డాక్టరు గారిచేత రెండు కోయించండి. నేను చెప్పానని తీర్మానించేయకండి, ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్) కూడా గుడ్డు పెంకు పాడుచేస్తుంది, ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) కూడా, రెండూ వైరస్ జబ్బులే.

టెక్సాస్_పెరటికోళ్లు
ఆ మెడ్యులరీ బోన్ డైనోసార్‌లో కూడా దొరికింది. 2005లో మేరీ ష్వైట్జర్ అనే శాస్త్రవేత్త మోంటానాలో తవ్విన టైరనోసారస్ రెక్స్ తొడ ఎముకలో అలాంటి కణజాలమే ఉందని ప్రచురించారు. 6.8 కోట్ల ఏళ్ల నాటిది. దాన్నిబట్టే అది ఆడది, గుడ్డు మీదుంది అన్నారు.

తౌడు_బస్తా
దానికి గ్రిట్ ఎవరేశారో.

అనుభవం_30ఏళ్లు
డాక్టరు గారూ, నా మందు తప్పన్నారు. చెప్పండి మరి. కాల్షియం తక్కువై ఇంత జరిగితే ముందే ఎక్కువ వేసుకోడంలో తప్పేంటి? ఎక్కువైతే రెట్టలో పోతుంది.

పెరవలి_రాజు
రెట్టలో పోదు బాబాయ్, కిడ్నీలో పోతుంది. మధ్యలో ఇరుక్కుంటే పెట్టే పోతుంది. నాకు జరిగింది చెప్తాను.

మూడేళ్ల కిందట రెండు షెడ్లు, పెద్ద బ్యాచ్, చిన్న బ్యాచ్. మిక్సింగ్ కుర్రాడు ఊరెళ్తే కొత్తవాడు రెండు షెడ్లకీ లేయర్ మేతే ఎత్తాడు. చిన్న బ్యాచ్ 11 వారాలది. నేను చూసుకునేసరికి 16 వారాలు. అంటే 5 వారాలు 4 శాతం కాల్షియం తిన్నాయి. అప్పుడేం కాలేదు, రెట్ట పల్చగా తెల్లగా పోసేవి, నీళ్లు ఎక్కువ తాగేవి, ఎండాకాలం కదా అనుకున్నాం. 24 వారాల నుంచి మొదలైంది. గుడ్డు మీదున్న మంచి పెట్టలే ఒక్కొక్కటీ పోవడం. కోస్తే ఒక పక్క కిడ్నీ ఎండి వేలంత, రెండో పక్కది వాచి రెండింతలు, మూత్రనాళంలో సుద్దముక్కల్లాంటి తెల్ల రాళ్లు. కొన్నింటికి గుండె మీద, కాలేయం మీద సున్నం జల్లినట్టుంది. గౌట్, అంటే కిడ్నీ గెంటలేని యూరిక్ యాసిడ్ ఒంట్లో పేరుకోవడం. ఆ బ్యాచ్ అమ్మేదాకా రోజూ రెండు మూడు పోతూనే ఉన్నాయి, ఏ మందుకీ ఆగలేదు.

అనుభవం_30ఏళ్లు
మాకెప్పుడూ రాలేదే.

గోదారి_వెట్
వచ్చే ఉంటుందండి, వేరే పేరు మీద రాసుకుని ఉంటారు. గుడ్డుకి రాని పెట్టకి కావలసింది మేతలో 1 శాతం చుట్టుపక్కల. 4 శాతం వారాల తరబడి తింటే మిగతాది కిడ్నీ గెంటాలి. పైగా ఫాస్ఫరస్ తక్కువైతే, ఐబీ తోడైతే, నీళ్లు చాలకపోతే మరీ. అందరికీ రాదు, ఒప్పుకుంటాను.

ఇంకోటి. మీ నాన్నగారి నాటి పెట్ట ఐదున్నర నెలలకి గుడ్డుకొచ్చేది, నిదానంగా పెట్టేది. ఇప్పటి పెట్ట ఏడాదికి 300 పైన. 300 గుడ్లంటే 600 గ్రాముల పైనే కాల్షియం, దాని ఒంట్లో ఉన్నదానికి 30 రెట్లు.

అనుభవం_30ఏళ్లు
14 వద్దు, 19 వద్దు. మరి ఎప్పుడు?

గోదారి_వెట్
వారం చూసి కాదండి, పెట్టని చూసి. జుట్టు ఎర్రబారడం మొదలవగానే ప్రీ-లేయర్, కాల్షియం 2 నుంచి 2.5 శాతం. పది పదిహేను రోజులు. గల్లాపెట్టె కట్టుకునే రోజులివే. మందలో మొదటి గుడ్లు కనపడగానే, 5 శాతం వచ్చేలోపే లేయర్ మేత. అన్నీ ఒకేసారి ఎదిగితేనే ఇది కుదురుతుంది. కొన్ని 1,300 గ్రాములు, కొన్ని 950 ఉన్న మందలో ఏ మేత వేసినా సగానికి తప్పే. అందుకే 5 వారాల నుంచీ తూకం వేయమని అరుస్తుంటాం, ఎవరూ వినరు.

సిద్దిపేట_కోళ్లక్క
మాది షెడ్డు గిట్ల కాదు, పెరట్ల 40 గ్రామప్రియ పెట్టలు. రాజేంద్రనగర్‌ల తయారైన రకం. మా అమ్మమ్మ ఇంటికాడ సున్నం కొట్టిన గోడ ఉండె. మాపటేళ కోళ్లన్నీ లైన్ కట్టి ఆ గోడను టక్ టక్ పొడుస్తుండె. కింద మూరెడు ఎత్తు దాక మట్టి కనవడేది. అమ్మమ్మ తిట్టేది, మళ్ల సున్నం కొట్టిచ్చేది. ఇప్పుడు డాక్టర్ సారు చెప్పింది చదివితే సమజైంది. రాత్రి పెంకు కోసం మాపటేళ వెతుక్కున్నయన్నట్టు.

నేనేం చేస్తనంటే చెరువుకాడ నత్తచిప్పలు ఏరుకొచ్చి, ఎండవెట్టి, రోట్లేసి దంచి చిప్పల పోసి మూలకు వెడ్త. మేతల కలప. గుడ్డుకొచ్చినయి వాటంతట అవే తింటయి, చిన్నపిల్లలు మూతి గూడ పెట్టయి.

గోదారి_వెట్
అక్కా, మీరు చేసేది బంగారంలాంటి పద్ధతి. ఒక్క మాట, గోడ చూసి ఎవరైనా తడి సున్నం కలిపి పెడతారేమో, వద్దు, నోరు గొంతు కాలుతుంది. పాతగోడ సున్నం గాలికి మారిపోయి మామూలు సుద్దలా అయిపోతుంది కాబట్టి సరిపోయింది.

టెక్సాస్_పెరటికోళ్లు
కోళ్లక్క చెప్పినట్టే మా దగ్గర కూడా. ఆల్చిప్పల ముక్కలు సంచుల్లో అమ్ముతారు, విడిగా గిన్నెలో పెడితే పొద్దువాలే ముందే వచ్చి తింటాయి.

మాకున్నవి నాలుగే. అందులో రెండు తోలుగుడ్లు పెడుతుంటే గిన్నెనిండా ఆల్చిప్పలున్నా ఎందుకా అని జుట్టు పీక్కున్నాను. తీరా చూస్తే మా ఆవిడ పొద్దున మిగిలిన ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అటుకులు. పాపం మన తిండి లేకుండా ఎలా ఉంటాయి అంటుంది. కడుపు సగం అన్నంతో నిండితే లేయర్ మేత ఎక్కడ తింటాయి? ఇడ్లీలు ఆపించాక మూడు వారాల్లో పెంకు గట్టిపడింది. ఇంట్లో పెంకు మాత్రం ఇంకా పల్చగానే ఉంది, నా మీద.

షాద్‌నగర్_షెడ్డు
ఎండ సంగతి ఎవ్వరూ మాట్లాడుతలేరు. కోడి నోరు తెరిచి ఒగరుస్తుంటే లోపటి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతది. పెంకు అంటేనే కాల్షియం కార్బొనేట్, 94, 95 శాతం అదే. కార్బొనేట్ కట్టాలంటే రక్తంల బైకార్బొనేట్ ఉండాలె. అది తగ్గితే కాల్షియం ఎంతున్నా పెంకు పల్చనే. మేం ఏప్రిల్ నుంచి వంటసోడా టన్నుకి 2 కిలోలు కలుపుతం, అంత ఉప్పు తగ్గిస్తం. మేత పొద్దున 4 గంటలకే ఒకపారి, సాయంత్రం చల్లబడ్డంక ఎక్కువ. 12 నుంచి 3 దాక మేత జోలికి పోం.

మండపేట_కొత్తరైతు
కోయించానండి. రాసుకొచ్చాను.

మూడు పెట్టలు. ఒకటి ఆ పొద్దున చచ్చింది, రెండు పడిపోయినవి. చచ్చినదాని పెంకు సంచిలో గుడ్డుంది, పెంకు ఉల్లిపొర మందాన పడింది, గోరు తగిలితే నలిగింది. రొమ్ముఎముక మూడింటికీ వంకర, ఒకదానికి అచ్చంగా పాము మెలిక. పక్కటెముకలు వెన్నుతో కలిసేచోట వరసగా గింజలు గింజలుగా పూసలదండలా ఉబ్బి ఉన్నాయి. డాక్టరు గారు తొడ ఎముక రెండు వేళ్లతో పట్టుకుని వంచారు. టప్ మని కూడా అనలేదు, తడి అగ్గిపుల్లలా వంగి విరిగింది. లోపల మీరు చెప్పిన బీరకాయ పీచు ఉంది, బయట గోడే కాగితంలా ఉంది. నా చేత్తో నేనే విరిచాను రెండోదాన్ని. కిడ్నీలు మామూలుగా ఉన్నాయన్నారు. నరాల వాపు లేదు.

మేత శాంపిల్ లాబ్‌కి పంపాను.

గోదారి_వెట్
లోపల పీచుండి బయటి గోడ పల్చబడటం, అదే సంతకం. చావబోతూ కూడా పెట్ట గుడ్డు కోసమే దాచుకుంది, తన కాళ్ల కోసం కాదు.

చేయాల్సింది రాస్తున్నాను. పడ్డవాటిని ఇవాళే కేజీల్లోంచి తీసి నేల మీద, ఊక పరిచి, మేత నీళ్లు మెడ చాపితే అందేలా పెట్టండి. పక్కన గ్రిట్ గిన్నె. కాళ్లు కదిలే పెట్టలు నాలుగు నుంచి ఏడు రోజుల్లో చాలావరకు లేస్తాయి. వెన్ను విరిగినవి లేవవు.

మందకి: 100 కేజీల మేతలో 8 కాదు, 10 కేజీలు వేయండి. అందులో మూడింట రెండు వంతులు గ్రిట్, 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క. మెత్తటి పొడి రెండు మూడు గంటల్లో కండకడుపు దాటి పోతుంది. ముక్క అక్కడే కూర్చుని రాత్రంతా కరుగుతుంది. గల్లాపెట్టె మీద బరువు తగ్గేది అందుకే. డీసీపీ ఫార్ములా ప్రకారం పెట్టండి. ఎముక కట్టాలంటే కాల్షియంతోపాటు ఫాస్ఫరస్ కావాలి, ఇటుకకి సిమెంటులాగ. ఫైటేజ్ మంచిదే. తౌడులో, మొక్కజొన్నలో బిగిసిపోయిన ఫాస్ఫరస్‌ని కొంత విడిపిస్తుంది, కాబట్టి డీసీపీ కొంత తగ్గించుకోవచ్చు. సగానికి పైగా కోసేస్తే ఎలా? అలాగని డీసీపీ రెట్టింపు వేయకండి, ఫాస్ఫరస్ ఎక్కువైనా పెంకు చెడుతుంది.

విటమిన్ డీ3 ఐదు రోజులు నీళ్లలో. పెరట్లో తిరిగేదానికి ఎండ ఇస్తుంది, షెడ్డు పెట్టకి ప్రీమిక్సే (మేతలో కలిపే విటమిన్ల పొడి) దిక్కు. మీ ప్రీమిక్స్ సంచి ఎప్పుడు తెరిచారు?

మండపేట_కొత్తరైతు
మార్చిలో. రేకుల కింద ఉంది.

తౌడు_బస్తా
ఐదో విలన్.

గోదారి_వెట్
కొత్తది తెరవండి. ఇక లైటు. చేసింది చేశారు, ఇప్పుడు తగ్గించకండి. గుడ్డు మీదున్న పెట్టకి లైటు తగ్గిస్తే ఈకలు రాల్చి గుడ్డు మానేస్తుంది. ఇంకోటి మీకు తెలిసే ఉండదు. సంక్రాంతి పిల్లలకి రోజురోజుకీ పగలు పెరుగుతూనే వస్తుంది, డిసెంబరు నుంచి జూను దాకా. బల్బు వేయకపోయినా కొంచెం ముందే గుడ్డుకొస్తాయి. దాని మీద మీరు 16 గంటల బల్బు. బరువు చూసుకుని వారానికి అరగంట చొప్పున పెంచాల్సింది.

పెరవలి_రాజు
గ్రిట్ కొనేటప్పుడు జాగ్రత్త. షెల్ గ్రిట్ పేరుతో మామూలు రాతినలక కలిపి అమ్మేవాళ్లున్నారు. గాజుగ్లాసులో వెనిగర్ పోసి చెంచాడు గ్రిట్ వెయ్. గుల్ల, సున్నపురాయి అయితే బుసబుస నురగొస్తుంది. ఇసకరాయి అయితే గుండ్రాయిలా చూస్తూ కూర్చుంటుంది. పోయినసారి ఒక లోడులో సగం చూస్తూ కూర్చుంది.

సిద్దిపేట_కోళ్లక్క
నిమ్మకాయ పిండిన గూడ తెలుస్తది. తొక్కు వెట్టెటప్పుడు చూసిన.

లెక్కలమాస్టారు
మా అల్లుడు మనుషుల కాల్షియం మాత్రలు నూరి వేద్దామంటున్నాడు. 500 మిల్లీగ్రాముల మాత్ర, పెట్టకి రోజుకి 4 గ్రాములు కావాలి. 8 మాత్రలు. రెండు వేల పెట్టలకి 16 వేల మాత్రలు. మందులషాపు వాడు మనకి దండేసి దణ్ణం పెడతాడు.

అనుభవం_30ఏళ్లు
మాస్టారూ, ఆ నీళ్లలో పోసే ద్రవ కాల్షియం డబ్బాలూ అంతే. డబ్బాకి డబ్బు, పెట్టకి చుక్క. అందులో మాత్రం డాక్టరు గారితో నేనూ ఒకటే.

గోదారి_వెట్
పడిపోయిన పెట్టకి రెండు రోజులు పట్టడానికి పనికొస్తుంది. మొత్తం మందకి మాత్రం సున్నపురాయే.

మండపేట_కొత్తరైతు
మూడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను. మృగశిర వెళ్లాక రెండు వానలు పడ్డాయి, షెడ్డు చల్లబడింది, అది కూడా కలిసొచ్చింది.

మొత్తం 41 పెట్టల్ని నేల మీదకి దించాను. 28 లేచాయి. మొదటిది మూడో రోజు సాయంత్రం లేచింది, పడుతూ లేస్తూ గ్రిట్ గిన్నె దాకా వెళ్లి కూర్చుని తింది. మా పాప దానికి పేరు కూడా పెట్టింది, ఇప్పుడు అమ్మనివ్వట్లేదు. 9 చచ్చాయి, 4 అలాగే ఉన్నాయి. కేజీల్లో కొత్తగా పడటం ఆగి వారమైంది. పగులు, తోలు కలిపి రోజుకి 11 ట్రేలుండేది, నిన్న 3. గుడ్డు 84 శాతం. రొమ్ముఎముక వంకర తిరిగినవి మాత్రం తడిమితే ఇంకా అలాగే ఉన్నాయి, డాక్టరు గారు అవి ఇంక సరికావన్నారు.

లాబ్ రిపోర్టులో లేయర్ మేత కాల్షియం 2.9, ఫాస్ఫరస్ తక్కువ. మాస్టారూ, మీరు లాబ్ లేకుండానే చెప్పేశారు.

లెక్కలమాస్టారు
3 అన్నాను. 0.1 తేడా. మిక్సింగ్ కుర్రాడు రెండు దోసిళ్లు తక్కువేసుంటాడు.

షాద్‌నగర్_షెడ్డు
84 అంటే మంచిగున్నట్టే అన్నా. ఆ పడిలేచినవాటిని మళ్ల కేజీల ఎయ్యకు, నేలమీదనే ఉంచు.

మండపేట_కొత్తరైతు
నేల మీదే ఉంచానండి. తర్వాతి బ్యాచ్ ఆగస్టులో దించుతున్నాను. అప్పుడు పగలు తగ్గుతూ వస్తుంది కదా, అప్పుడు బల్బు ఏ వారంలో వేయాలి?

గోదారి_వెట్
తూకం పుస్తకం మొదలెట్టి, 16వ వారం తూకాలు ఇక్కడ పెట్టండి. అప్పుడు చెప్తాను.

అనుభవం_30ఏళ్లు
రాజూ, ఆ నురగొచ్చే గ్రిట్ ఎక్కడ తెచ్చావు? ఈసారి లారీలో ఖాళీ ఉంటే నాకో 20 బస్తాలు వెయ్. మా చిన్న బ్యాచ్ 15 వారాలది, లేయర్ మేత ఆపేశాను.

పెరవలి_రాజు
శుక్రవారం బండి వస్తుంది బాబాయ్. వెనిగర్ సీసా మీరే తెచ్చుకోండి.